ఒంగిన వెన్నును చదివిన వైద్యుడు హార్వీ కుషింగ్

ఎముక రాయి వంటిదని, ఒకసారి పెరిగిన పిమ్మట మార్పు లేక నిలిచి ఉంటుందని సామాన్యంగా భావిస్తారు. వాస్తవానికి ఎముక ప్రాణమున్న ధాతువు. అది అనుదినం కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఈ రాబడికీ ఖర్చుకూ లెక్క చూసే శక్తులలో హార్మోన్లు ముఖ్యమైనవి. అందులో ఒకటి మితిమీరి ఊరితే, పాతికేళ్లు నిండని యువతి వెన్ను సైతం ముదుసలి వెన్ను వలె వంగిపోగలదు. ఈ సంగతిని వైద్యలోకం ముందు స్పష్టంగా నిలిపినవారు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు హార్వీ విలియమ్స్ కుషింగ్. మెదడు శస్త్రచికిత్సకు పితామహుడిగా ఆయన కీర్తి లోకవిదితం. స్త్రీల ఎముకల ఆరోగ్య చరిత్రలో ఆయనకున్న స్థానం మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

వైద్యుల వంశం

కుషింగ్ 1869 ఏప్రిల్ 8న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించారు. తండ్రి హెన్రీ కిర్క్ కుషింగ్, తల్లి బెట్సీ. ఆ దంపతుల పదిమంది సంతానంలో ఆయన కడసారివాడు. తండ్రి, తాత, ముత్తాత ముగ్గురూ వైద్యులే. ఇంట్లో క్రమశిక్షణ కఠినం. తండ్రి మితభాషి, తల్లి పుస్తకాల యందు, చిత్రలేఖనం యందు అభిరుచి నేర్పింది. ఈ చిత్రలేఖనమే తరువాతి కాలంలో ఆయనకు రెండవ చేయి అయింది. చేసిన ప్రతి శస్త్రచికిత్సనూ ఆయన తన చేతితోనే బొమ్మ గీసి భద్రపరచేవారు.

1891లో యేల్ విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, 1895లో హార్వర్డు వైద్య కళాశాలలో వైద్య విద్య ముగించారు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక దుర్ఘటన ఆయనను కుదిపివేసింది. ఆయన ఈథరు మత్తు ఇస్తుండగా ఒక రోగి ప్రాణాలు కోల్పోయాడు. చదువే మానివేయాలన్నంత వేదన కలిగినా, ఆ వేదనను ఆయన పనిగా మార్చారు. సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను ఎప్పటికప్పుడు నమోదు చేసే పట్టికను రూపొందించారు. నేడు ప్రతి ఆపరేషన్ గదిలోనూ కనిపించే మత్తు పట్టికకు మూలం అదే. రోగి దేహంలో జరిగే ప్రతి చిన్న మార్పునూ అంకెలలో వ్రాసి ఉంచే అలవాటు ఆయనకు అక్కడే పట్టుబడింది.

బాల్టిమోర్‌లో సాధన

1896లో ఆయన బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరి, విలియం హాల్‌స్టెడ్ వద్ద శస్త్రవిద్య నేర్చారు. నెత్తురు వృథా కాకుండా, కండను నలపకుండా, నెమ్మదిగా కోయడం ఆ గురువు నేర్పిన పద్ధతి. అదే ఆసుపత్రిలో ఉన్న విలియం ఆస్లర్ ఆయనకు ఆత్మీయ గురువయ్యారు.

1900లో ఐరోపా యాత్రకు వెళ్లిన కుషింగ్, స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో థియొడోర్ కొఖర్ వద్ద కొంతకాలం పనిచేశారు. కొఖర్ థైరాయిడ్ గ్రంథి నిపుణుడు. ఆ గ్రంథిని పూర్తిగా తొలగిస్తే దేహమంతా ఎట్లా మందగిస్తుందో గమనించినవాడు. ఇంగ్లండులో షెరింగ్టన్ ప్రయోగశాలనూ కుషింగ్ దర్శించారు. ఇటలీలోని పావియా ఆసుపత్రిలో రీవా రోచ్చి కనిపెట్టిన రక్తపోటు పరికరాన్ని చూసి, 1901లో దానిని అమెరికాకు తీసుకువచ్చి వాడుకలోకి తెచ్చారు. 1902లో కేథరిన్ క్రోవెల్‌ను వివాహమాడారు. వారికి ఐదుగురు సంతానం.

ఆ కాలంలో పుర్రె తెరచి కణితి తీయడమంటే దాదాపు మరణాన్ని పిలవడమే. కుషింగ్ గంటల తరబడి ఓర్పుతో పనిచేస్తూ, 1911లో నెత్తుటి నాళాలను బంధించే చిన్న వెండి క్లిప్పులను ప్రవేశపెట్టి, క్రమంగా ఆ మరణాలను నూటికి పది కంటే తక్కువకు దించగలిగారు.

మెదడు అడుగున, ముక్కు వెనుక భాగంలో బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. ఆ చిన్న గ్రంథి ఆయనను జీవితాంతం ఆకర్షించింది. దాని హార్మోన్ మితిమీరి చేతులు, దవడ పెరిగిపోయిన ఒక రైతుకు ఆయన 1909లో ఆ గ్రంథిలో కొంత భాగం తొలగించగా, లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. గ్రంథి తక్కువగా పనిచేయడం ఎట్లా రోగమో, ఎక్కువగా పనిచేయడం కూడ అట్లే రోగమని దీనితో ఆయనకు రూఢి అయింది.

1910లో వచ్చిన యువతి

1910 డిసెంబరులో న్యూయార్కు నుండి 23 ఏళ్ల యువతి ఒకరు ఆయన వద్దకు వచ్చారు. ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు మాత్రమే. ముఖం గుండ్రంగా ఉబ్బింది. నడుము, పొట్ట లావెక్కాయి. కాళ్లు చేతులు మాత్రం సన్నగానే ఉన్నాయి. పదహారో ఏటనే ముట్లు ఆగిపోయాయి. ముఖాన రోమాలు మొలిచాయి. పొట్టపై ఊదారంగు చారలు పడ్డాయి. రక్తపోటు ఎక్కువ. తలనొప్పి, నీరసం ఆమెను వదలలేదు. వీటన్నిటితో పాటు వెన్ను గూనిగా వంగి ఉంది.

ఈ లక్షణాలలో ఏ ఒక్కటి విడిగా చూసినా కొత్తది కాదు. లావును తిండి దోషమనీ, ముట్లు ఆగడాన్ని గర్భాశయ దోషమనీ, గూనిని పుట్టుకతో వచ్చిన లోపమనీ వేరువేరుగా చెప్పివేయవచ్చు. కుషింగ్ అట్లా విడదీయలేదు. అన్నీ ఒకే మూలం నుండి వచ్చిన కొమ్మలని అనుమానించి, 1912లో వెలువరించిన పీయూష గ్రంథి వ్యాధుల గ్రంథంలో ఆమె వృత్తాంతాన్ని వివరంగా వ్రాశారు. దోషం పీయూష గ్రంథిలో ఉందా, మూత్రపిండాలపై టోపీల వలె కూర్చున్న అధివృక్క గ్రంథులలో ఉందా అన్నది ఆనాడు తేలలేదు. తేలని దానిని తేలినట్లు వ్రాయక, అనేక గ్రంథులకు సంబంధించిన రుగ్మతగా పేర్కొని ప్రశ్నను తెరచి ఉంచారు. దానికి సమాధానం వ్రాయడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

బోస్టన్, యుద్ధం, సొంత దుఃఖం

1912లో కుషింగ్ హార్వర్డు శస్త్రవైద్య ఆచార్యులుగా బోస్టన్ చేరి, మరుసటి సంవత్సరం ప్రారంభమైన పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం రణరంగాలలో సేవచేశారు. తలకు గాయమైన సైనికులలో సగానికి పైగా మరణిస్తున్న తరుణంలో, ఆ సంఖ్యను మూడోవంతు కంటే తక్కువకు తగ్గించారు. 1917లో తన గురువు ఆస్లర్ ఏకైక కుమారుడు రణభూమిలో గాయపడి కన్నుమూసినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. తరువాత ఆయన రెండు సంపుటాలుగా వ్రాసిన ఆస్లర్ జీవితచరిత్రకు 1926లో పులిట్జర్ బహుమానం లభించింది.

ఇంటి విషయంలో ఆయన జీవితం ఆదర్శప్రాయమని చెప్పడానికి లేదు. ఆసుపత్రికి ఇచ్చిన కాలంలో కొద్ది భాగమైనా పిల్లలకు ఇవ్వలేదు. సహాయకులపై మాట కఠినం. 1926లో పెద్దకుమారుడు కారు ప్రమాదంలో మరణించిన వార్త తెలిసిన ఉదయం కూడ, ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌ను ముగించిన తరువాతనే ఆయన ఆసుపత్రి విడిచారు. అది కర్తవ్యనిష్ఠా, దుఃఖాన్ని దాచుకునే పద్ధతా అన్నది చదివేవారు ఎవరికి వారే నిర్ణయించుకోవలసిన విషయం.

అయితే రోగులను ఆయన మరచిపోలేదు. చికిత్స పొంది వెళ్లినవారు ప్రతి ఏటా ఆపరేషన్ జరిగిన తేదీన తమ ఆరోగ్యం గురించి ఉత్తరం వ్రాయాలని కోరేవారు. ఫోటోలు, బొమ్మలు, ఉత్తరాలు, మరణించినవారి శవపరీక్ష వివరాలు అన్నీ ఒక్కచోట చేర్చి ఉంచేవారు. 1931 ఏప్రిల్‌లో ఆయన నిర్ధారిత మెదడు కణితి చికిత్సల సంఖ్య రెండు వేలకు చేరింది.

ఆయన బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో ఉన్న ఆ సంవత్సరాలలోనే, 1923లో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. ఆసుపత్రి పక్కనే ఉన్న హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, నెత్తురులోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ఆయన 1925లో ప్రకటించారు. ఎముక గట్టిదనమంతా కాల్షియం, భాస్వరం కూడికలోనే ఉంది. ఎముకల రోగాలను లెక్కలతో పరీక్షించే విద్యకు ఆ కొలత ఒక ముఖ్య సాధనమై, ఫిస్కే, సుబ్బారావుల పేరిట ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

1932 నాటి వ్యాసం

1932లో, తన 63వ ఏట, కుషింగ్ జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పత్రికలో ఒక దీర్ఘ వ్యాసం ప్రచురించారు. 12 మంది రోగుల వృత్తాంతాలు అందులో ఉన్నాయి. కొందరు తన రోగులు, మరికొందరు ఇతర దేశాల వైద్యులు వర్ణించినవారు. వారిలో ఎక్కువమంది యువతులే. 1910లో వచ్చిన ఆ యువతి వృత్తాంతం కూడ అందులో చేరింది. ఇరవై ఏళ్లు గడిచినా ఆమె జీవించే ఉన్నారు. బాధలు కొంత తగ్గాయి. అన్నేళ్ల తరువాత ఆమె స్థితి చెప్పగలగడం ఆ పాత అలవాటు ఫలమే.

పీయూష గ్రంథిలో పుట్టే అతి చిన్న కణితి ఈ రుగ్మతకు కారణమని ఆయన ప్రతిపాదించారు. అనేక సందర్భాలలో ఆ కణితి ఎంత చిన్నదంటే, బ్రతికి ఉన్నప్పుడు ఏ పరీక్షకూ అందక శవపరీక్షలోనే బయటపడింది. ఆయన కూర్చిన లక్షణాల జాబితాలో వెన్ను వంగడం, నడుము నొప్పి, కొలిచి చూపగలిగినంతగా ఎత్తు తగ్గడం స్థానం పొందాయి. పెరగవలసిన వయసులో ఉన్న ఆడపిల్ల కుంచించుకుపోవడం ఇక రోగలక్షణంగా గుర్తింపు పొందింది. వైద్యలోకం ఈ వ్యాధికి ఆయన పేరే పెట్టింది.

ఆయన ఊహ అంతటితో సంపూర్ణం కాలేదు. అధివృక్క గ్రంథిలోనే కణితి పుట్టినా ఇవే లక్షణాలు వస్తాయని తరువాతి పరిశోధనలు తేల్చాయి. పీయూష గ్రంథి కణితి అధివృక్క గ్రంథులను నిరంతరం తరుముతుంది. అవి కార్టిసాల్ అనే స్టెరాయిడు హార్మోన్‌ను అవసరానికి మించి స్రవిస్తాయి. దేహాన్ని పాడుచేసేది ఆ కార్టిసాల్. పీయూష గ్రంథి మూలంగా వచ్చే కుషింగ్ వ్యాధి పురుషులలో కంటే స్త్రీలలో కనీసం మూడింతలు ఎక్కువ.

ఎముక ఎట్లా గుల్లబారుతుంది

కార్టిసాల్ దేహానికి శత్రువు కాదు. ఉదయం నిద్రలేవడానికి, జ్వరాన్ని, దెబ్బను తట్టుకోవడానికి అది అవసరం. మితిమీరినప్పుడే అది ఎముకను పలువైపుల నుండి దెబ్బతీస్తుంది. ఎముకను కట్టే కణాలు తగ్గిపోతాయి, ఉన్నవి త్వరగా నశిస్తాయి. ఎముకను కరిగించే కణాలు మాత్రం ఎక్కువ కాలం బ్రతుకుతాయి. పేగు ఆహారంలోని కాల్షియాన్ని సరిగా గ్రహించదు. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. కండలు సన్నబడి నడక తూలుతుంది, పడిపోవడం ఎక్కువవుతుంది.

స్త్రీల విషయంలో మరొక నష్టం తోడవుతుంది. ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ అండాశయాలలో ఊరాలంటే మెదడు నుండి సంకేతం రావాలి. మితిమీరిన కార్టిసాల్ ఆ సంకేతాన్ని అణచివేస్తుంది. ముట్లు ఆగిపోతాయి, ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ముట్లుడిగిన వయసులో రావలసిన ఎముక నష్టం యౌవనంలోనే మొదలవుతుంది. 1910 నాటి యువతిలో ముట్లు ఆగడమూ వెన్ను వంగడమూ ఒకే మూలానికి చెందినవని కుషింగ్ అనుమానించడంలో ఎంత దూరదృష్టి ఉందో దీనిని బట్టి గ్రహించవచ్చు. బోస్టన్ నగరంలోనే పనిచేసిన ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940 దశకం తొలినాళ్లలో ఈ రెండు రకాల ఎముక నష్టాలనూ అధ్యయనం చేసి, ముట్లుడిగిన స్త్రీల ఎముకలు గుల్లబారడానికి ఈస్ట్రోజన్ లోపం కారణమని చూపారు.

వెన్నుపూసల లోపలి భాగం తేనెపట్టు వలె గదులు గదులుగా ఉంటుంది. కార్టిసాల్ మొదట దెబ్బతీసేది అటువంటి మెత్తని ఎముకనే. అందుకే వెన్నుపూసలు, పక్కటెముకలు ముందుగా విరుగుతాయి. వెన్నుపూస విరిగిన ప్రతిసారీ పెద్ద నొప్పి రాదు. బిందె ఎత్తినప్పుడో, దగ్గినప్పుడో పూస నొక్కుకుపోయి, మనిషి కొద్దికొద్దిగా పొట్టి అవుతుంది.

తుది సంవత్సరాలు

1932లో బ్రిగ్‌హామ్ ఆసుపత్రి నుండి విరమించిన కుషింగ్, 1933లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. విపరీతమైన ధూమపానం వల్ల కాళ్ల రక్తనాళాలు పూడి, చివరి దశలో నడవడమే కష్టమైంది. నోబెల్ బహుమానానికి అనేక పర్యాయాలు ఆయన పేరు ప్రతిపాదించినా అది లభించలేదు. 1939 అక్టోబరు 7న గుండెపోటుతో న్యూ హేవెన్ నగరంలో కన్నుమూశారు. శవపరీక్షలో ఆయన మెదడులోనే ఒక చిన్న తిత్తి ఉన్నట్లు తేలింది. జీవితాంతం సేకరించిన ప్రాచీన వైద్య గ్రంథాలను యేల్‌కు అప్పగించి వెళ్లారు. ఆయన భద్రపరచిన మెదళ్ల నమూనాలు, రోగుల ఫోటోలు 2010 నుండి ఆ విశ్వవిద్యాలయంలో ప్రదర్శనకు ఉన్నాయి.

మందు రూపంలో వచ్చిన హార్మోన్

కుషింగ్ గతించిన తొమ్మిదేళ్లకు, 1948 సెప్టెంబరులో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ల స్త్రీకి కార్టిసోన్ సూదిమందు ఇచ్చారు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ బహుమానం వచ్చింది. కాని మందు ఎక్కువ కాలం వాడినవారికి ముఖం ఉబ్బడం, వెన్ను వంగడం కనిపించసాగాయి. కుషింగ్ తన రోగులలో గమనించిన ఆ రూపమే ఈసారి వైద్యుని చేతి మందు నుండి పుట్టింది. నేడు ఈ రూపం కనిపించేవారిలో అత్యధికులు కణితి ఉన్నవారు కారు. స్టెరాయిడు మందులు దీర్ఘకాలం వాడినవారే.

ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ ఈ కోవకు చెందినవి. ఉబ్బసానికి, కీళ్లవాతానికి, కొన్ని చర్మ, మూత్రపిండ వ్యాధులకు ఇవి ప్రాణాధారాలు. కీడు జరిగేది ఎక్కువగా వైద్యుని పర్యవేక్షణ లేని చోట. మోకాళ్ల నొప్పికి, ఒళ్లు నొప్పులకు పేరు లేని పొట్లాలలో ఇచ్చే మాత్రలు, పొడులు వెంటనే హాయినిచ్చి, ఆకలి పెంచి, ముఖానికి నిండుదనం తెస్తే, అది ఆరోగ్యమని మురియకుండా అందులో ఏముందో విచారించాలి. రోజూ మింగే స్టెరాయిడు మాత్రల వల్ల ఎముక విరిగే ప్రమాదం మొదటి మూడు నుండి ఆరు నెలలలోనే పెరుగుతుంది.

అట్లని భయపడి, కొన్ని వారాలుగా వాడుతున్న స్టెరాయిడును ఒక్కసారిగా ఆపివేయడం ప్రాణాంతకం కావచ్చు. బయటి మందుకు అలవాటుపడిన అధివృక్క గ్రంథులు నిద్రావస్థలో ఉంటాయి. వైద్యుడు మోతాదును క్రమంగా తగ్గిస్తేనే అవి మేల్కొంటాయి. ఉబ్బసానికి పీల్చే మందులో మోతాదు స్వల్పం, దానిని మాత్రతో సమానంగా చూసి మానుకోరాదు. మూడు నెలలకు మించి స్టెరాయిడు మాత్రలు వాడవలసినవారు ఎముక సాంద్రత పరీక్ష గురించి, కాల్షియం, విటమిన్ డి గురించి, అవసరమైతే ఎముకను కాపాడే మందుల గురించి వైద్యుని అడగాలి. యౌవనంలో ఉన్న ఎత్తు కంటే 4 సెంటీమీటర్లకు మించి తగ్గిన స్త్రీకి వెన్నుపూసలు విరిగాయేమో పరీక్షించడం మంచిది.

కణితి వల్ల వచ్చిన వ్యాధికి కూడ నేడు చికిత్స ఉంది. ముక్కు మార్గంలో పీయూష గ్రంథిని చేరే శస్త్రచికిత్సను కుషింగ్ కొన్నేళ్లు చేసి, తరువాత విడిచిపెట్టారు. 1960 దశకంలో మాంట్రియల్ వైద్యుడు జూల్ ఆర్డీ సూక్ష్మదర్శిని సహాయంతో దానిని తిరిగి వాడుకలోకి తెచ్చారు. కణితి తొలగి కార్టిసాల్ అదుపులోకి వస్తే, ఎముక కొన్ని సంవత్సరాలలో చాలావరకు పుంజుకుంటుంది. అయితే నొక్కుకుపోయిన పూస తిరిగి లేవదు, పోయిన ఎత్తు తిరిగి రాదు. త్వరగా గుర్తించడంలోని విలువ అంతా అక్కడే ఉంది.

పల్లెసీమలలో స్త్రీ వెన్ను వంగితే చాకిరీ వల్ల అనీ, వయసు వల్ల అనీ సరిపెట్టుకోవడం పరిపాటి. అనేకసార్లు అది నిజం కూడ కావచ్చు. కాని నడివయసు రాకుండానే వెన్ను వంగి, ముట్లు ఆగి, ముఖం గుండ్రమై, ఒంటిపై ఊదా చారలు పడి, ఒంట్లో బలం తగ్గుతూ ఉంటే, వాటిని విడివిడిగా కాక కలిపి చూసి వైద్యునికి చెప్పాలి. వందేళ్ల క్రితం కుషింగ్ ఒక యువతి విషయంలో చేసినది ఆ పనే. ఆయన రెండు వేల కణితులు తీసిన కీర్తి శస్త్రవైద్యులకు పాఠమైతే, ఆమె లక్షణాలను ఒక్కచోట చేర్చి వ్రాసుకున్న ఆ ఓర్పు ప్రతి ఇంటికీ ఉపయోగపడే పాఠం.